పై బద్దే పొడుగు

మా కార్ఖానా గోడకు రెండు చెక్క బద్దలున్నాయి. వాటి మూలంగా నా పెళ్లి ఆగిపోయింది. బద్దల వల్ల పెళ్లి ఆగడమేమిటని మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి. నేను మాత్రం అప్పట్లో నవ్వలేదు. ఆ గోడనే పగలగొడదామనుకున్నాను.

మాది వడ్రంగుల ఇల్లు. కింద కార్ఖానా, పైన కాపురం. నాన్న పెద్దమేస్త్రి. ఆయన చెల్లెలు, మా మేనత్త, పాలిష్ పని చూస్తుంది. నేను బీరువాలు బిగిస్తాను. నా అసలు పేరు ఇంట్లో కూడా ఎవరికీ గుర్తున్నట్టు లేదు. నోటి పదును చూసి అందరూ నన్ను 'ఉలి' అంటారు. నాకేం కోపం రాదు. అంటే, ఆ పేరుకు రాదు. మిగతా అన్నిటికీ వస్తుంది.

మా ఇంట్లో మూల లేని వస్తువు కనిపించదు. గదులు, తలుపులు, అలమరాలు, పెట్టెలు, మంచాలు, అన్నీ మూలమట్టం పెట్టి చేసినవే. నాన్న తువ్వాలు ఆరేసినా అంచుకు అంచు సరిపోవాలి. పేపరు చదివి బల్ల మీద పెడితే బల్ల అంచుకు సూటిగా ఉండాలి. మేం పడుకున్నా గోడకు సమాంతరంగానే పడుకుంటాం. ఒకసారి నాకు జ్వరం వచ్చి మంచం మీద అడ్డదిడ్డంగా పడుకుంటే, నాన్న ముందు నన్ను సరిగ్గా తిప్పి, ఆ తర్వాతే మాత్ర ఇచ్చాడు.

ఇక ఆ బద్దల సంగతి. మా తాత కొట్టినవి. ఒకటి పైన, ఒకటి కింద, రెండూ అడ్డంగా ఉంటాయి. పై బద్దకు రెండు కొసల్లోనూ చిన్న చెక్క ముక్కలు బయటి వైపుకు తెరుచుకుని ఉంటాయి, రమ్మని చేతులు చాచినట్టు. కింది బద్దకు అవే ముక్కలు లోపలికి మడుచుకుని బాణం మొనల్లా ఉంటాయి. పనిలో చేరడానికి ఎవరొచ్చినా నాన్న వాళ్లను ఆ గోడ ముందు నిలబెట్టి ఒకటే మాట అడుగుతాడు. "ఏది పొడుగు?"

పైదే పొడుగు. చూస్తేనే తెలుస్తుంది. ఎంత కాదన్నా రెండు వేళ్ల వెడల్పు తేడా ఉంటుంది. వచ్చిన ప్రతివాడూ "పైది" అంటాడు, నాన్న "కన్నుంది" అంటాడు, పనిలో పెట్టుకుంటాడు. నాకు తెలిసి ఇంతవరకూ ఆ పరీక్షలో ఎవరూ తప్పలేదు. ఎవరూ తప్పని పరీక్ష దేనికి నాన్నా అని చిన్నప్పుడు అడిగాను. "తప్పేవాడొస్తే తెలుస్తుందిలే" అన్నాడు.

ఆ బద్దలకు టేపు మాత్రం పెట్టకూడదు. మా ఇంట్లో తలుపుకు, కిటికీకి, కుర్చీ కాలికి, దేనికైనా టేపు పెట్టి కొలుస్తాం. నమ్మకం చాలక మళ్లీ కొలుస్తాం. ఆ రెండిటికి పెడితే తాత కన్నును అనుమానించినట్టు. అంతకంటే పెద్ద తప్పు మా ఇంట్లో లేదు. కాబట్టి ఎవరూ పెట్టలేదు.

మధ్యాహ్నం ఎండ నేరుగా పడి పాలిష్ మాడిపోతోందని అత్తయ్య గోల పెట్టడంతో, కార్ఖానా ముందు గుడ్డ పందిరి వేయిద్దామని డేరాలు కుట్టే అబ్బాయిని పిలిపించారు. వాళ్లది ఒకప్పుడు సర్కస్ కుటుంబం. ఆ అబ్బాయి గుండ్రటి డేరాలోనే పుట్టి, గుండ్రటి డేరాలోనే పెరిగి, పదిమంది చూస్తుండగా తాడు మీద నడిచినవాడు. సర్కస్ మూతపడ్డాక ఇంటిల్లిపాదీ ఊరి బయట మైదానంలో డేరాలు వేసుకుని, లారీలకు పట్టాలు, దుకాణాలకు పందిళ్లు కుట్టి బతుకుతున్నారు.

వచ్చీ రాగానే అప్పుడే పాలిష్ పెట్టి ఆరేసిన తలుపు మీద కాలు పెట్టాడు. నేను ఒంటికాలి మీద లేచాను. కళ్లు నెత్తికెక్కాయా అన్నాను, ఇంకా చాలా అన్నాను. అతను అంతా విని, కిందకు వంగి, "తలుపు గారూ, తప్పయిపోయింది" అన్నాడు. నాతో ఒక్క మాట కూడా అనలేదు. నాకు నవ్వాగలేదు. నవ్వొచ్చిందన్న కోపంతో ఇంకాసేపు తిట్టాను.

కొలత తీసుకోకుండా కార్ఖానా ముందు అటూ ఇటూ నడిచి, చూసి, వెళ్లిపోయాడు. తర్వాత కుట్టి తెచ్చిన గుడ్డ మా చూరుకు అతికినట్టు సరిపోయింది. నాన్న కళ్లు మెరిశాయి. "టేపు పెట్టలేదు చూశావా! కన్నంటే అదీ!" అని అత్తయ్యతో ఒకటికి రెండుసార్లు అన్నాడు. పందిరి కట్టడం పూర్తయ్యేసరికి నేను అతన్ని తిట్టడం, అతను నన్ను నవ్వించడం ఇద్దరికీ అలవాటైపోయింది. నేను చేసుకుంటే ఈ డేరా అబ్బాయినే చేసుకుంటానని చెప్పినప్పుడు, ఆ కన్ను చూసే నాన్న కాదనలేదు.

"మంచివాడు. పనిమంతుడు. గోడ ముందు నిలబడి ఒక్క మాట చెప్పమను, చాలు" అన్నాడు.

పైది అని చెప్పడమేగా. దూడ కూడా చెబుతుంది. నేను నిశ్చింతగా కొత్త బట్టలు వేసుకుని కూర్చున్నాను.

అతను వచ్చాడు. కాఫీ తాగాడు. నాన్న లేచి అతన్ని గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. చిత్రిక పడుతున్న పనివాళ్లు కూడా చేతులు ఆపి చూస్తున్నారు.

"ఏది పొడుగు బాబూ?"

అతను చూశాడు. తల ఇటు వంచి చూశాడు, అటు వంచి చూశాడు. ఇందులో తిరకాసేమైనా ఉందా అన్నట్టు నాన్న మొహం చూశాడు.

"రెండూ ఒకటేగా" అన్నాడు.

కార్ఖానాలో చప్పుడు లేదు. రంపం దానంతటదే ఆగినట్టయింది. అత్తయ్య చేతిలోంచి పాలిష్ గుడ్డ జారి డబ్బాలో పడింది.

"ఇంకోసారి చూడు" అన్నాడు నాన్న.

"ఒకటే అండీ. కొసల్లో ముక్కలు వేరుగా కొట్టారు, అంతే. బద్దలు మాత్రం ఒకటే."

నాన్న అతనికి దగ్గరగా జరిగాడు. అతని భుజం మీద చెయ్యి వేసి, చాలా నెమ్మదిగా, రోగిని అడిగినట్టు అడిగాడు. "ఎప్పట్నుంచి ఇలా?"

మర్నాడే కళ్ల డాక్టరు దగ్గరికి బయలుదేరాం. డాక్టరు లైటు వేసి చూశాడు, అద్దాలు మార్చి చూశాడు, గోడ మీది అక్షరాలు చదివించాడు. అన్నిటికంటే కింద ఉన్న చీమల్లాంటి అక్షరాలు కూడా అతను గడగడా చదివేశాడు. వాటికింద అచ్చేసినవాడి చిరునామా ఉంటే అదీ చదివాడు.

"చూపు బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు డాక్టరు.

"అయితే ఇది చూడండి" అని నాన్న ఆయన చీటీ మీదే ఆ రెండు బద్దలూ గీసి చూపించాడు. అడ్డగీతలు రెండూ సమానంగా గీశాననుకున్నాడో, పైది పెద్దగా గీశాననుకున్నాడో నాకు తెలియదు. ఏది పొడుగు అని అడిగాడు.

"ఇదేం ప్రశ్న? పైది."

"మా అబ్బాయికి రెండూ ఒకటేలా కనిపిస్తున్నాయి."

డాక్టరు మొహంలో రంగు మారింది. డేరా అబ్బాయిని మళ్లీ కూర్చోబెట్టి, మళ్లీ లైటు వేశాడు. చివరికి ఏమీ తోచక చుక్కల మందు రాసిచ్చాడు. పాపం అతను ఆ మందు వేసుకుని, కళ్లు మండి, నీళ్లు కారుస్తూ నా దగ్గరికొచ్చి, "ఇప్పుడు బద్దలే కనిపించట్లేదు" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ సొమ్మేం పోయింది? పైది పొడుగు అని ఓ మాట అనేస్తే చచ్చిపోతావా?"

"కనపడనిది ఎలా చెప్పను?"

"నోటితో!"

సరేనన్నాడు. మందు పనిచేసిందని నాన్నకు కబురు పెట్టి మళ్లీ గోడ ముందు నిలబెట్టాను. ఈసారి తడుముకోకుండా "పైది పొడుగు" అన్నాడు. నాన్న మొహం వెలిగిపోయింది. ఆ సంతోషం పట్టలేక, అడగాల్సిన అవసరం లేని ఇంకో ప్రశ్న అడిగాడు.

"ఎంత పొడుగు?"

ఇది నేను నేర్పలేదు. అతను నాకేసి చూశాడు. నేను నాన్న వెనకనుంచి రెండు వేళ్లు చూపించాను. అతను తల ఊపి, ధైర్యంగా, "రెండు మూరలు" అన్నాడు.

అసలు బద్దే రెండు మూరలు లేదు.

నాన్న కుర్చీలో కూలబడ్డాడు. "అమ్మాయ్, ఇది చుక్కల మందుతో పోయేది కాదు. వద్దు. రేపు రంపం దగ్గర వేలు ఎక్కడుందో, పన్ను ఎక్కడుందో కూడా తెలియదు ఇతనికి. కూతుర్నిచ్చి అతని వేళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోలేను" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆయన గొంతులో జాలి వినిపించేసరికి నాకు ఏడుపొచ్చింది. నాన్న లేకుండా పెళ్లి చేసుకోవచ్చు, మమ్మల్ని కట్టేసినవాళ్లు ఎవరూ లేరు. కానీ నాన్న లేని పెళ్లి నాకొద్దు. అతను లేని జీవితమూ వద్దు. రెండూ కావాలి, మధ్యలో రెండు చెక్కముక్కలు అడ్డం.

మధ్యాహ్నం అందరూ భోజనానికి పైకి వెళ్లినప్పుడు అతన్ని లోపలికి లాక్కొచ్చాను. టేపు పెట్టకూడదన్నారు గానీ తాడు పెట్టకూడదని ఎవరూ అనలేదు. అతని సంచిలోని సన్నతాడు తీసి పై బద్దకు పట్టి, కొస దగ్గర ముడి వేశాను. అది తెచ్చి కింది బద్దకు పెట్టాను.

ముడి సరిగ్గా కొస మీదికొచ్చింది. తాడు సాగిందేమోనని మళ్లీ పెట్టాను. అక్కడికే వచ్చింది. రెండూ ఒకటే.

తాడు చేతిలో పట్టుకుని వెనక్కి జరిగి గోడకేసి చూశాను. పైది పొడుగ్గానే ఉంది! కొలిచాక కూడా, నా చేత్తో నేను ముడి వేశాక కూడా, సిగ్గు లేకుండా రెండు వేళ్లు పొడుగ్గా ఉంది. కళ్లు నలుపుకున్నాను. ఒక కన్ను మూసి చూశాను. ఇంత వయసొచ్చి, ఇన్ని బీరువాలు బిగించి, నా కళ్లే నా మొహం మీద అబద్ధమాడుతుంటే ఎవరికి చెప్పుకోను?

"నీకు నిజంగానే పొడుగ్గా కనిపిస్తుందా?" అన్నాడు అతను, నాకేదో జబ్బున్నట్టు.

"నీకు నిజంగానే కనపడదా?"

అతను కార్ఖానా చుట్టూ చూశాడు. "మీ ఇంట్లో ఎటు చూసినా మూలే. అదిగో, ఆ గది చివర గోడా గోడా కలిసే చోట చూడు. పైనా కిందా గీతలు ఇలాగే బయటికి తెరుచుకుని ఉన్నాయి. అది దూరంగా ఉన్న మూల. ఇదిగో, ఈ బీరువా అంచు మన మొహం మీదికే ఉంది, దీని గీతలు లోపలికి మడుచుకున్నాయి. పుట్టినప్పట్నుంచీ ఇవే చూశావు. దూరంగా ఉన్నది కాస్త పెద్దదే అయ్యుంటుందిలే అని నీ కన్ను దానికి కలిపేసుకుంటోందేమో. మా డేరాలో మూలెక్కడుంది? ఏం కలపాలో నా కంటికి తెలీదు."

ఇదంతా నాకు నచ్చలేదు. నా కన్ను గురించి నాకు చెబుతున్నాడన్న మంట ఒకటి. ఆ పక్కనే, ఇంతమంది మధ్య ఒక్కడే నిలబడి ఉన్నమాట చెప్పాడే అన్న గర్వమూ ఉంది. ఆ రెండూ ఒకేసారి వచ్చేసరికి ఏం చెయ్యాలో తెలియక అతని చేతిలోకి తాడు విసిరేసి పైకెళ్లి అన్నం తిన్నాను.

మా వైపు చిక్కు విప్పలేకపోతే పోనీ, వాళ్ల నాయనమ్మ ద్వారా నాన్నకు చెప్పిద్దామని నాకు తోచింది. వాళ్లింట్లో ఆవిడ మాటే మాట. ఒకప్పుడు పరుగెత్తే గుర్రం మీద నిలబడి సవారీ చేసిన మనిషి. మర్నాడు అతనితో మైదానానికి వెళ్లాను. ఎటు చూసినా నేలే, అంచుల్లేని నేల. మధ్యలో గుండ్రటి డేరాలు. ఎటు తిరిగి కూర్చోవాలో కూడా నాకు తెలియలేదు.

నాయనమ్మ నన్ను ఎగాదిగా చూసి, టీ ఇచ్చి, "లే, ఇలా రా" అంది. డేరాల వెనక ఒక గుంజ నిలువుగా పాతి ఉంది. దాని మొదట్లోంచి ఇంకో గుంజ నేల మీద అడ్డంగా పడుకోబెట్టి ఉంది.

"మా ఇంటికొచ్చే ప్రతి పిల్లకూ ఇది చూపిస్తాం. ఏది పొడుగు?"

నాకు ప్రాణం లేచొచ్చింది. కొలతలంటే నా తర్వాతే ఎవరైనా. చూశాను. రెండూ ఒక్కటే, వెంట్రుకవాసి తేడా లేదు.

"రెండూ సమానం నాయనమ్మా" అన్నాను ఠీవిగా.

ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. మా కార్ఖానాలో విన్నదే. తర్వాత వాళ్ల పిన్ని ఒకావిడ నా మొహం ముందు చెయ్యి అటూ ఇటూ ఊపింది. ఇంకెవరో కిసుక్కుమన్నారు.

"నిలబెట్టింది అంత పొడుగ్గా కనబడుతుంటే సమానమంటావేం తల్లీ?" అంది నాయనమ్మ.

"ఎక్కడ పొడుగు? కొలవండి! ఇప్పుడే పీకి పక్కన పెట్టండి!" నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను.

"పరీక్ష గుంజ పీకకూడదు. పీకితే మా ముత్తాత చూపును అనుమానించినట్టు" అంది ఆవిడ. ఎంత బాగా తెలిసిన మాట! ఆవిడ నా చెంప నిమిరింది. "పిల్లవి బంగారంలా ఉన్నావు. కానీ డేరా లేపేటప్పుడు గుంజ పొడుగు తెలియని మనిషి ఒక్కరున్నా అందరి నెత్తినా పడుతుందమ్మా."

దూరంగా వచ్చాక డేరా అబ్బాయిని నిలదీశాను. "నువ్వు నిజం చెప్పు. నీకెలా కనిపిస్తోంది?"

అతను నేలచూపులు చూశాడు. "నిలబెట్టిందే పొడుగు" అన్నాడు చాలా చిన్నగా.

అతన్ని ఏమన్నానో ఇక్కడ రాయను. వాళ్లంతా టీ దగ్గర కూర్చున్నప్పుడు మేమిద్దరం వెనక్కి వెళ్లాం. అతను చరచరా గుంజ ఎక్కి పైనుంచి తాడు వదిలాడు, నేను మొదట్లో పట్టుకుని ముడి వేశాను. దాన్నే పడుకున్న గుంజకు పెట్టాను. సరిగ్గా సరిపోయింది. అతను కిందికి దిగి, ముడి చూసి, నిలువు గుంజను చూసి, కళ్లు నలుపుకున్నాడు. ఒక కన్ను మూసి చూశాడు.

"ఇంకా పొడుగ్గానే ఉంది" అన్నాడు బిక్కమొహం వేసి.

ఆ మొహం చూశాక నా కోపం చల్లారిపోయింది. జన్మంతా అంచుల్లేని నేల మీద తిరిగినవాళ్లు. అక్కడ నిలబడి కనిపించేది వాళ్ల గుంజ ఒక్కటే. ఊళ్లకు ఊళ్లు దాటి మైళ్ల అవతలనుంచి వచ్చినా అదే ముందు కనిపించేది, అది కనిపిస్తే ఇల్లు కనిపించినట్టే. వాళ్ల కళ్లకు అది కాస్త ఎక్కువ పొడుగైతే ఏం పాపం? అలా అనుకుంటూ ఇంటికొచ్చాను. వచ్చి మా గోడకేసి చూస్తే పై బద్ద అలాగే పొడుగ్గా ఉంది. దాన్ని మాత్రం క్షమించలేదు.

రెండు రోజులు తిరక్కుండానే నాయనమ్మే మా కార్ఖానాకు వచ్చింది. సంబంధం వద్దని మర్యాదగా ఎదురుగా చెప్పడం వాళ్ల పద్ధతట. నాన్న కూడా అదే చెప్పాలని చూస్తున్నాడు. ఇద్దరూ ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని కాఫీ చల్లారేదాకా వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. నేను ఒక జేబులో టేపు, ఇంకో జేబులో ముడులు వేసిన తాడు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను. ఇవ్వాళ ఎవరి తాత, ఎవరి ముత్తాత అన్నది చూసేది లేదు. అందరి ఎదురుగా కొలిచి పారేస్తాను.

"మీ అమ్మాయి చాలా మంచిది మేస్త్రి గారూ" అంది నాయనమ్మ. "కళ్లదేముంది, దేవుడిచ్చినవి."

"ఎవరి కళ్లు?" అన్నాడు నాన్న.

"అమ్మాయివే. పాపం మీరు దాచకుండా ముందే చెప్పాల్సింది."

"మా అమ్మాయికేం? లోపం మీ మనవడికి ఉంటే!"

"మా వాడికా? చీకట్లో తాడు మీద నడిచినవాడికా?"

ఇంకేముంది, ఇద్దరూ లేచారు. నాన్న ఆవిడను గోడ దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టాడు. "చెప్పండి, ఏది పొడుగు?"

"రెండూ ఒకటే. ఇది కూడా అడగాలా?"

నాన్న నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఈలోగా ఆవిడ తన సంచిలోంచి ప్రయాణాల్లో వాడే చిన్న పరీక్ష గుంజలు రెండు తీసి, ఒకటి బల్ల మీద నిలబెట్టి, రెండోది దాని మొదట్లో పడుకోబెట్టింది. "ఇప్పుడు మీరు చెప్పండి."

నాన్న తేలిగ్గా చూశాడు. "సమానం."

ఈసారి ఆవిడ నోరు తెరుచుకుంది.

ఇదే అదను. నేను టేపు బయటికి తీశాను. అడుగు ముందుకు వేశాను. 'మీ ఇద్దరివీ' అనబోయి నాన్న మొహం చూసి ఆగిపోయాను. ఆయన మొహంలో కోపం లేదు. నాయనమ్మకేసి చూస్తున్నాడు, తడి కళ్లతో. గబగబా వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గరున్న రంపాన్ని దూరంగా జరిపాడు. కుర్చీ తెచ్చి, "ఇటు, ఇటు కూర్చోండమ్మా" అని ఆవిడ చేతికి కుర్చీ వీపు అందించాడు. ఆవిడేమో కూర్చోకుండా, ఆయన కాలి దగ్గరున్న మేకుల డబ్బాను తన చేతికర్రతో మెల్లగా పక్కకు నెడుతోంది.

నాన్న నన్ను పక్కకు లాగి గుసగుసలాడాడు. "పాపమే ఉలీ! ఆ పెద్దావిడకీ లేదు చూపు. అంటే ఆ లోపం వంశంలోనే ఉంది. మధ్యలో ఆ అబ్బాయి తప్పేముంది చెప్పు?"

అవతల నాయనమ్మ కూడా మనవడితో గుసగుసే చెబుతోంది గానీ, సర్కస్ గొంతు కదా, వీధి చివరిదాకా వినిపించింది. "తండ్రిక్కూడా లేదురా! ఇన్నాళ్లూ ఈ రంపాల మధ్య ఎలా నెట్టుకొచ్చాడో మహానుభావుడు! ఆ పిల్లనేం అంటాం, పుట్టుకతో వచ్చింది!"

తర్వాత వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని, మాకు వినపడదనుకుని, తేల్చేసుకున్నారు. మీ అబ్బాయికి చూపున్న పిల్లనెవరిస్తారమ్మా అని నాన్న. మీ అమ్మాయిని చూపున్నవాడెవడు చేసుకుంటాడు మేస్త్రి గారూ అని ఆవిడ. ఒకరికొకరు తోడుంటారు, మనం పైనుంచి కనిపెట్టుకుని ఉందాం అని ఇద్దరూ. అత్తయ్య అయితే పాలిష్ గుడ్డతోనే కళ్లు తుడుచుకుని మొహమంతా గోధుమరంగు చేసుకుంది.

నా కళ్లు నిక్షేపంగా ఉన్నాయి అన్న మాట నా నాలుక చివర ఉంది. ఒక్కసారి టేపు చాస్తే నాలుగు చెక్కల బండారమూ బయటపడుతుంది. తాతా, ముత్తాతా, నాన్నా, నాయనమ్మా, కళ్ల డాక్టరూ అందరూ తప్పే. గెలుపు నాదే. గెలిచి ఏం చేసుకోను? నాన్న జీవితమంతా 'కన్నుంది' అన్న ఒక్క మాట మీద నిలబడ్డాడు. ఆ మాట విరిచేసి, ఆ ముక్కల మీద నడుచుకుంటూ వెళ్లి పెళ్లి చేసుకోనా? డేరా అబ్బాయి నాకేసే చూస్తున్నాడు. నాకు అతని మీద, ఆ ముసలివాళ్లిద్దరి మీద, చెప్పలేనంత ప్రేమ పొంగుకొచ్చింది. టేపు జేబులో పెట్టేసుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను ఒక మాట మింగడం అదే మొదలు. గొంతులో అడ్డంపడి చాలాసేపు దిగలేదు.

వాళ్లు బయలుదేరారు. నాయనమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "భయపడకు, నేనున్నాగా, ఇలా నా పక్కనే నడువు" అంటూ గుమ్మం దాటించింది. వెనక నాన్న డేరా అబ్బాయి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఇక్కడ గడప ఉంది బాబూ. కాలు కాస్త ఎత్తి వెయ్యి. ఊ, ఇంకాస్త."

బద్ద పొడుగని ఒక్క అబద్ధం సరిగ్గా ఆడలేకపోయిన మనిషి, ఆకాశంలో తాడు మీద పరుగులు పెట్టిన మనిషి, మా నాన్న చెయ్యి పట్టుకుని కాలు ఇంతెత్తున లేపి, ఆ చిన్న గడప మీద ఒకసారి కాదు, రెండుసార్లు తడబడ్డాడు. నాన్న ఆ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుని, వీధి చివరిదాకా వదల్లేదు.